తప్పు వేళ్లది కాదు... గిటారుది!

ముచ్చటపడి కొన్న గిటారు మూడు నెలలకే మూలన పడిందా? తీగ నొక్కితే వేళ్లు మండుతున్నాయా? పిల్లలకు సంగీతం అబ్బదని తేల్చేసే ముందు ఒక్కసారి ఆ గిటారును పరీక్షించి చూడండి. ఆ తర్వాత పిక్ పక్కన పెట్టించి, వేళ్లతో మీటే సంగీతం వినిపించండి. వీణనీ తంబురనీ ఎరిగిన మన ఇళ్లకు అదేమంత కొత్త విద్య కాదు!

పదో తరగతిలో మంచి మార్కులొస్తే సైకిల్ అడిగే రోజులు పోయాయి. ఇప్పుడు సెల్‌ఫోన్ అడిగేవాళ్లు కొందరైతే, గిటారు అడిగేవాళ్లు మరికొందరు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులోని ఇల్లయినా, జమ్మలమడుగులో మగ్గం చప్పుడు వినపడే ఇల్లయినా, పులివెందులలో చీనీ తోటల రైతు ఇల్లయినా... కథ మాత్రం దాదాపు ఒక్కటే. నాన్న ఊరెళ్లినప్పుడు తెచ్చిందో, ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే పార్శిల్లో వచ్చిందో... నిగనిగలాడే గిటారు ఇంట్లో అడుగుపెడుతుంది. మొదటి వారం ఒకటే సందడి. రెండో వారానికి ఎడమచేతి వేళ్ల కొసలు ఎర్రబడతాయి. నెల తిరిగేసరికి నాలుగు కార్డులు వస్తాయి కానీ, 'ఎఫ్' కార్డు దగ్గర బండి ఆగిపోతుంది. మూడో నెలలో గిటారు అటకెక్కుతుంది. 'వీడికి సంగీతం అబ్బదులే' అన్న మాట ఇంట్లో ఖాయమైపోతుంది.

అసలు నష్టం అదే. గిటారుకు పెట్టిన డబ్బు ఎలాగోలా మళ్లీ సంపాదించుకోవచ్చు. 'నాకు రాదు' అని పదిహేనేళ్లకే మనసులో ముద్ర పడితే దాన్ని చెరపడం కష్టం. పైగా చాలాసార్లు ఆ ముద్ర అన్యాయంగా పడుతుంది. తీగలు ఉండాల్సినదాని కన్నా ఎత్తులో ఉన్న గిటారు మీద చేయి తిరిగిన విద్వాంసులు కూడా ఇబ్బంది పడతారు. అలాంటి వాయిద్యాన్ని కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికిచ్చి, వాళ్ల వేళ్లను తప్పుపడితే ఎలా?

రెండో కారణం వినికిడి. గిటారంటే కార్డులు పట్టి తీగలన్నిటినీ ఒకేసారి గీకడమే అనుకుంటారు చాలామంది. పక్కన పాడేవాళ్లుంటే అది బాగానే ఉంటుంది. లేకపోతే సగం పాటే. ఒంటరిగా కూర్చుని, ఎవరూ పాడకపోయినా పాట మొత్తం వినిపించగల పద్ధతి ఇంకోటుంది. అదే ఫింగర్‌పికింగ్. పిక్ లేకుండా, కుడిచేతి వేళ్లతో ఒక్కో తీగనీ విడివిడిగా మీటే విద్య. నేర్చుకునే పిల్లల్లో ఆగిపోయిన బండిని చాలాసార్లు మళ్లీ కదిలించేది ఇదే.

విన్న పాటే... గమనించలేదంతే!

ఫింగర్‌పికింగ్ అనగానే ఎక్కడో అమెరికా పాటలు వెతుక్కోనక్కర్లేదు. 1982లో వచ్చిన తమిళ సినిమా 'పయనంగళ్ ముడివదిల్లై'లో మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడిన 'ఇళయ నిలా' పాట మరోసారి వినండి. ఇళయరాజా బాణీ. గొంతు కింద నీళ్లు జాలువారినట్టు ఆగకుండా సాగే గిటారు ఉంటుంది చూశారూ... దాన్ని వాయించింది ఆర్.చంద్రశేఖర్. అదే బాణీ మరుసటేడు హిందీ సినిమా 'కలాకార్'లో 'నీలే నీలే అంబర్ పర్'గా కిశోర్ కుమార్ గొంతులో వినిపించింది. గిటారు నేర్చుకునే కుర్రాళ్లంతా ఇప్పటికీ ఒక్కసారైనా ప్రయత్నించే పాట అది.

అందులో కిటుకేమిటంటే... ఎడమచేయి పట్టింది మామూలు కార్డే. కానీ కుడిచేయి దాన్ని ఒక్కసారిగా గీకేయకుండా, పూలదండలోంచి ఒక్కో పువ్వూ తీసి ఇచ్చినట్టు, ఒక్కో తీగనీ మీటుతూ పోతుంది. బొటనవేలు మందరంలోని లావు తీగల్ని చూసుకుంటుంది. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు సన్న తీగల్ని పంచుకుంటాయి. చిటికెన వేలికి సాధారణంగా పనుండదు. అంటే ఒకే చెయ్యి తాళమూ వేస్తుంది, శ్రుతీ నిలుపుతుంది, రాగమూ పలికిస్తుంది!

వీణ చెప్పిన పాఠమే

ఈ మాట వింటే వీణ నేర్చుకున్న అమ్మమ్మలు నవ్వుకుంటారు. వీణకు ఏడు తీగలు. నాలుగు వాయించడానికి, పక్కనుండే మూడు తాళానికి. కుడిచేతి చూపుడు, మధ్య వేళ్లు రాగాన్ని మీటుతుంటే, చిటికెన వేలు పక్కనున్న తాళపు తీగల్ని మీటుతూ లెక్క నడిపిస్తుంది. గిటారులో ఆ బాధ్యత బొటనవేలికి వచ్చింది, అంతే తేడా!

బుర్రకథ కథకుణ్ని గుర్తు తెచ్చుకోండి. భుజాన తంబుర, వేళ్లకు అందెలు. తీగ మీటుతూనే అందెలతో తాళం వేస్తూ, నోటితో కథ చెబుతూ, కాళ్లతో చిందులేస్తాడు. ఇక తాళ్లపాక అన్నమాచార్యుణ్ని మనం ఊహించుకునేదే చేతిలో తంబురతో. బ్రహ్మంగారి తత్వాలు పాడేవాళ్లకూ తోడు తంబురే. తీగ మోగుతుండగా దాని మీద పాట నిలబెట్టడమన్నది కడప సీమకు తరతరాలుగా తెలిసిన సంగతే. గిటారు ఆకారం కొత్త. మీటే బుద్ధి పాతదే.

వాయిద్యం పరాయిదైతే మన సంగీతం పలకదన్న అనుమానాన్ని పాలకొల్లు కుర్రాడు ఎప్పుడో తీర్చేశాడు. 1969లో పుట్టిన యు.శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో తండ్రి మాండలిన్‌ను చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ పరదేశపు వాయిద్యం మీద కర్ణాటక సంగీతం పలికించి, 'మాండలిన్ శ్రీనివాస్'గా 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. ఇందులో చిన్న ఊళ్ల వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు... శిష్యుడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు.

కాబట్టి మీ ఊళ్లో గిటారు మాస్టారు లేరని నిరాశపడొద్దు. వేళ్లు ఎలా పెట్టాలో వీడియోలు చూసి నేర్చుకోవచ్చు. కానీ శ్రుతి తప్పిందో లేదో, తాళం జారిందో లేదో చెప్పడానికి పక్కన ఓ మనిషి కావాలి. ఆ పని గాత్రం నేర్పే టీచరు చేయగలరు, వీణ వచ్చిన పెద్దమ్మ చేయగలరు, చర్చి బృందంలో కీబోర్డు వాయించే అన్న కూడా చేయగలడు. వారానికో గంట వాళ్ల ముందు కూర్చుంటే చాలు.

పనిమనిషి వేళ్లకు గ్రామీ

వేళ్లతో గిటారు మీటే పద్ధతికి పుట్టిల్లు ఒక్కటి కాదు. స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో తారెగా(1852-1909) లాంటివాళ్లు శాస్త్రీయ పద్ధతిని తీర్చిదిద్దారు. అమెరికా కెంటకీ బొగ్గుగనుల ప్రాంతంలో పెరిగిన మెర్ల్ ట్రావిస్ బొటనవేలితో రెండు లావు తీగల్ని మార్చి మార్చి మీటుతూ, చూపుడువేలితో పాట పలికించాడు. ఇవాళ ప్రపంచమంతా దాన్ని 'ట్రావిస్ పికింగ్' అంటోంది. ఆ బాటలోనే నడిచిన చెట్ అట్కిన్స్, ఆయన్ను గురువుగా భావించే ఆస్ట్రేలియా కళాకారుడు టామీ ఇమ్మాన్యుయేల్ వాయిస్తుంటే... ఒక్కడేనా, వెనక ఇంకెవరైనా ఉన్నారా అని వెతుక్కుంటాం.

వీళ్లందరిలో కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన పేరు ఎలిజబెత్ కాటన్. అమెరికాలోని నార్త్ కరొలైనాలో నిరుపేద నల్లజాతి కుటుంబంలో పుట్టింది. ఇళ్లల్లో పనిచేసి పైసాపైసా కూడబెట్టి, మూడు డాలర్ల 75 సెంట్లకు సొంతంగా ఓ గిటారు కొనుక్కుంది. ఎడమచేతి వాటం. నేర్పేవాళ్లు లేరు. కుడిచేతివాటం గిటారునే తలకిందులుగా పట్టుకుని వాయించడం మొదలుపెట్టింది. దాంతో అందరూ బొటనవేలితో మీటే లావు తీగల్ని ఆమె మిగతా వేళ్లతోనూ, వేళ్లతో మీటే సన్న తీగల్ని బొటనవేలితోనూ మీటేది. ఆ తలకిందుల పద్ధతికే ఇప్పుడు 'కాటన్ పికింగ్' అని పేరు! 'ఫ్రైట్ ట్రెయిన్' అనే పాటను టీనేజీ దాటకముందే కట్టింది.

తర్వాత పెళ్లి, బాధ్యతలు... గిటారు మూలన పడింది. ఒకటీ రెండేళ్లు కాదు, దశాబ్దాలు. ఓసారి వాషింగ్టన్‌లోని ఓ పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా తప్పిపోయిన ఓ పాపను తల్లి దగ్గరకు చేర్చింది. ఆ తల్లి సంగీతజ్ఞురాలు రూత్ క్రాఫర్డ్ సీగర్. అలా ఆ ఇంట్లో పనికి కుదిరిన కాటన్, గోడకు వేలాడుతున్న గిటారును అందుకుని మరచిపోయిన విద్యను మళ్లీ వేళ్లకు తెచ్చుకుంది. మొదటి రికార్డు వచ్చేనాటికి అరవై దాటాయి. 1985లో గ్రామీ అందుకునేనాటికి తొంభై పైనే! అటకెక్కిన గిటారు అక్కడే ఉండిపోవాలని ఎక్కడా రాసిలేదు.

తక-ధి-మి తోనే మొదలు

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి నెల ఎడమచేతికి పెద్దగా పని చెప్పొద్దు. రెండు వేళ్లతో తేలిగ్గా పడే 'ఇ మైనర్' కార్డు పట్టండి. బొటనవేలు ఆరో తీగ మీద, చూపుడువేలు మూడో తీగ మీద, మధ్యవేలు రెండో తీగ మీద, ఉంగరపు వేలు మొదటి తీగ మీద ఆనించండి. ఇప్పుడు 'త-క-ధి-మి' అని నోటితో చెబుతూ ఒక్కో అక్షరానికీ ఒక్కో వేలు కదపండి. ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా. నాలుగు అక్షరాలూ ఒకే బలంతో, ఒకే ఎడంతో వినపడితే మొదటి మెట్టు ఎక్కినట్టే. తర్వాత 'ఎ మైనర్', 'సి', 'జి' కార్డులకు మారండి. కార్డు మారినప్పుడు బొటనవేలు పట్టే లావు తీగ మారుతుంది. మిగతా మూడు వేళ్లూ వాటి వాటి తీగలకే కట్టుబడి ఉంటాయి.

రెండో నెలలో బొటనవేలికి స్వాతంత్య్రం నేర్పాలి. గడియారం ముల్లులా అది రెండు లావు తీగల్ని మార్చి మార్చి మీటుతూనే ఉండాలి. దాని మీద వేళ్లు ఒక్కో స్వరం వేస్తూ పోవాలి. మొదట్లో వేలు కదిలితే బొటనవేలు ఆగిపోతుంది. కంగారు పడొద్దు. ఓ చేత్తో తల నిమురుతూ, ఇంకో చేత్తో పొట్ట మీద సున్నాలు చుట్టడం లాంటిదే ఇదీనూ. రోజుకు ఇరవై నిమిషాలు వాయిస్తుంటే ఒకరోజు ఉన్నట్టుండి కుదిరిపోతుంది. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోవడం కన్నా, రోజూ ఇరవై నిమిషాలే మేలు.

మన సంగీతం ఇష్టపడేవాళ్లకు ఇంకో చక్కని దారుంది. గిటారు ఆరో తీగను 'ఇ' నుంచి 'డి'కి దించండి. ఇప్పుడు లావు తీగలు మూడూ డి, ఎ, డి... అంటే మనకు 'స ప స'. తంబుర తయార్! బొటనవేలితో ఆ మూడింటినీ మీటుతూ, పైన మోహన రాగం వాయించొచ్చు. రెండో తీగ మూడో మెట్టు మీద 'స'. మొదటి తీగ ఖాళీగా మీటితే 'రి'. అదే తీగ రెండో మెట్టు 'గ', అయిదో మెట్టు 'ప', ఏడో మెట్టు 'ధ', పదో మెట్టు పై 'స'. గమకాలు వీణలో పలికినట్టు పలకవు కానీ, ఇంట్లో పెద్దవాళ్లు వచ్చి పక్కన కూర్చోవడానికి అది చాలు.

వినడం కూడా సాధనే. శాస్త్రీయ పద్ధతి కావాలనుకుంటే 'స్పానిష్ రొమాన్స్' అని పిలిచే చిన్న రచన, తారెగా రాసిన 'లాగ్రిమా' వినండి. పాశ్చాత్య పాటల్లో బీటిల్స్ 'బ్లాక్‌బర్డ్'(1968), కాన్సాస్ బృందం 'డస్ట్ ఇన్ ద విండ్'(1977) ఫింగర్‌పికింగ్‌కు పేరుపడ్డవి. మిసిసిపీ జాన్ హర్ట్ అనే వ్యవసాయ కూలీ 1928లో రికార్డు చేసిన పాటలైతే కొత్తవాళ్లకు వరం. వేగం తక్కువ, తీపి ఎక్కువ.

'ఎఫ్' ఎందుకు పలకదంటే...

ఇక గిటారు సంగతి. కొత్తది కొనే ముందు ఇంట్లో ఉన్నదాన్నే పరీక్షించండి. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు చాలు. పన్నెండో మెట్టు దగ్గర మెట్టుకీ తీగకీ మధ్య ఎంత ఎడం ఉందో కొలవండి. స్టీలు తీగల గిటారులో లావు తీగ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటే హాయిగా వాయించుకోవచ్చు. నైలాన్ తీగల గిటారులో నాలుగు, మూడు దాకా ఉండొచ్చు. చవక గిటార్లలో ఇది చాలాసార్లు నాలుగైదు మిల్లీమీటర్లు దాటిపోతుంది. అంటే ఒక్కో స్వరానికీ వేలు రెండింతలు కష్టపడుతోందన్నమాట.

ఇంకో పరీక్ష... తల దగ్గర తీగలు కూర్చునే తెల్లటి పట్టీని నట్ అంటారు. దాని గాళ్లు తగినంత లోతుగా లేకపోతే మొదటి మెట్టు దగ్గర తీగ గాల్లో తేలుతుంది. 'ఎఫ్' కార్డు పలికేది సరిగ్గా అక్కడే! మొదటి మెట్టుకు కేపో బిగించి, ఒక మెట్టు ముందుకు జరిగి అదే కార్డు పట్టి చూడండి. ఒక్కసారిగా తేలికైపోయిందా? అయితే లోపం వేలిది కాదు, నట్‌ది.

చాలా గిటార్లకు ఈ జబ్బు నయమవుతుంది. నట్ గాళ్లు లోతు చేయడం, బ్రిడ్జి మీదుండే పట్టీని అడుగు నుంచి అరగదీయడం, మెడలోని ఇనుప కడ్డీని కొద్దిగా బిగించడం... దీన్నే సెటప్ అంటారు. పట్టీని రెండు మిల్లీమీటర్లు అరగదీస్తే పన్నెండో మెట్టు దగ్గర ఒక మిల్లీమీటరు దిగుతుంది. తెలిసినవాళ్లతోనే చేయించండి. ఎక్కువ అరిగితే తీగలు గరగరలాడతాయి. దాంతోపాటు కొత్త తీగల సెట్టు, అదీ పది నంబరు సన్న రకం వేయిస్తే పాత గిటారే కొత్తగా మాట్లాడుతుంది. కొత్త గిటారు ఖర్చులో ఇది చిన్న వంతే.

ఒక హెచ్చరిక. నైలాన్ తీగల గిటారుకు గట్టిగా మోగుతుందని స్టీలు తీగలు కట్టొద్దు. ఆరు స్టీలు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బరువుతో లాగుతాయి. నైలాన్‌వి 40 కిలోలకు అటూఇటూ. మగ్గం మీద పడుగు బిగువు ఎంతుండాలో తెలిసిన జమ్మలమడుగు నేతన్నలకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. బిగువు మించితే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

రెండో గిటారు... గీటురాయి ఏది?

సెటప్‌కూ లొంగని గిటారైతే, లేదా ఏడాది సాధన తర్వాత పిల్లలు నిజంగానే ఎదిగితే... అప్పుడు రెండో గిటారు గురించి ఆలోచించాలి. 'రెండో బొంబాయి'గా పేరుపడ్డ ప్రొద్దుటూరులో గీటురాయి మీద గీసి చూడకుండా ఎవరూ బంగారం కొనరు. గిటారుకూ అలాంటి గీటురాయి ఒకటుంది. అది పైచెక్క!

గిటారు గొంతంతా పైచెక్కలోనే ఉంటుంది. ఈ సంగతి నిరూపించడానికి ఆధునిక గిటారుకు రూపమిచ్చిన స్పెయిన్ వడ్రంగి అంతోనియో దె తోరెస్ 1862లో ఓ చిత్రమైన గిటారు చేశాడు. పైచెక్క మాత్రం మంచి స్ప్రూస్... పక్కలు, వెనక భాగం అట్టముక్కలతో! అట్ట గిటారు కూడా చక్కగానే మోగిందట. ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో అది భద్రంగా ఉంది.

చవక గిటార్ల పైచెక్క ప్లైవుడ్‌లా పొరలు అతికించింది. గట్టిగానే ఉంటుంది కానీ కదలదు. రెండో గిటారుకు పైచెక్క ఒకే పలకది, అంటే 'సాలిడ్ టాప్' ఉండేలా చూసుకోండి. వేళ్లతో మెల్లగా మీటినా పలికేది అదే. పిక్‌తో బాదేటప్పుడు ఈ తేడా అంతగా తెలియదు, వేళ్లతో మీటేటప్పుడు వెంటనే తెలుస్తుంది. ఉదాహరణకు యమహాలో ఎఫ్310 పొరల చెక్క గిటారైతే, ఎఫ్‌ఎస్800 సాలిడ్ టాప్‌ది. పక్కలూ వెనక భాగమూ పొరల చెక్కైనా ఫర్వాలేదు.

రెండోది ఆకారం. అంగళ్లలో ఎక్కువగా కనిపించే పెద్ద పొట్ట గిటారును డ్రెడ్‌నాట్ అంటారు. 1916 ప్రాంతంలో అమెరికాలోని మార్టిన్ కంపెనీ తయారుచేసిన ఈ ఆకారానికి ఓ బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టారు. గట్టిగా స్ట్రమ్మింగ్ చేయడానికి అది బాగుంటుంది. వేళ్లతో మీటేవాళ్లకు నడుము సన్నగా ఉండే చిన్న ఆకారాలు నయం. స్వరాలు విడివిడిగా వినపడతాయి. పిల్లల చెయ్యి కూడా సులువుగా దాటి తీగల్ని అందుకుంటుంది.

మూడోది తీగలు. స్టీలా, నైలానా? శాస్త్రీయ సంగీతం, మెత్తని మీటుడు ఇష్టపడేవాళ్లకు నైలాన్ మంచిది. వేళ్లు నొప్పెట్టవు. మెడ వెడల్పు సుమారు 52 మిల్లీమీటర్లు కాబట్టి తీగల మధ్య ఎడం ఎక్కువ. ట్రావిస్ పద్ధతి, సినిమా పాటలు అనుకుంటే స్టీలు. ఇక్కడ మెడ 43 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పదేళ్ల లోపు పిల్లలకైతే ఏదైనా సరే, ముప్పాతిక సైజు గిటారు చూడండి.

ఊళ్లోని అంగట్లో ఇవన్నీ దొరక్కపోవచ్చు. ఎర్రగుంట్లలో రైలెక్కితే చెన్నై. అక్కడ అన్నాశాలైలోని మ్యూజీ మ్యూజికల్ 1842 నుంచీ ఉన్న దుకాణం. పులివెందుల వాళ్లకు కదిరి మీదుగా బెంగళూరు ఉండనే ఉంది. ఫొటో చూసి ఆర్డరివ్వడం కన్నా, ఏదో పెళ్లికో పరీక్షకో వెళ్లినప్పుడు అరపూట కేటాయించి, నాలుగు గిటార్లు ఒళ్లో పెట్టుకుని చూడటం మేలు. ఖరీదు చీటీ చూడకుండా కళ్లు మూసుకుని విని, ఏది బాగుందో పిల్లల్నే చెప్పమనండి.

మే నెల గండం

మంచి గిటారు కొన్నాక అసలు పరీక్ష ఎండాకాలంలో! కడప జిల్లాలో మే నెల ఎండ 42, 43 డిగ్రీలు తాకుతుంది. గాలిలో తేమ అడుగంటుతుంది. సాలిడ్ టాప్ గిటారుకు 45 నుంచి 55 శాతం తేమ ఉంటే సుఖం. అంతకన్నా బాగా తగ్గితే చెక్క కుంచించుకుపోతుంది. మెడ అంచున నిమిరితే మెట్ల కొసలు వేలికి గుచ్చుకుంటున్నాయంటే చెక్క ఎండుతోందని అర్థం. అప్పటికీ పట్టించుకోకపోతే పైచెక్క పగులుతుంది. వానాకాలంలో ఇందుకు వ్యతిరేకం. చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి.

ఉపాయం ఖరీదైనదేమీ కాదు. వాయించడం అయిపోగానే గిటారును పెట్టెలో పెట్టి మూయండి. పాత సబ్బు పెట్టెకు చిల్లులు పెట్టి, తడిపి గట్టిగా పిండిన స్పాంజిని అందులో ఉంచి, గిటారు తల దగ్గర పెట్టండి. నీరు కారకూడదు. రెండ్రోజులకోసారి తడపండి. ఎండపడే గోడకు గిటారు వేలాడదీయొద్దు. కూలరు గాలికి ఎదురుగా అసలే వద్దు. ఎండలో ఆపిన కారు డిక్కీలో పెడితే జిగురు కరిగి బ్రిడ్జి లేచిపోతుంది.

చెక్క గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఓ ముచ్చట. 1960ల చివర్లో బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమైనప్పుడు మార్టిన్ లాంటి కంపెనీలు మన దక్షిణాది రోజ్‌వుడ్ వైపు తిరిగాయి. ప్రపంచంలోని మేలైన గిటార్ల పక్కలకు, వీపులకు ఇప్పటికీ అది పేరున్న చెక్క. మన శేషాచలం, పాలకొండల్లో పెరిగే ఎర్రచందనమైతే జపాన్ వాళ్ల మూడు తీగల వాయిద్యం షామిసెన్ మెడకు శ్రేష్ఠమైనదని పేరు. కడప కొండల చెట్టు అంత దూరాన పాట పాడుతోందన్నమాట!

కొనేముందు... ఇవి చూడండి

* పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు స్కేలుతో కొలవండి.

* మొదటి మెట్టు దగ్గర 'ఎఫ్' కార్డు పట్టి చూడండి. మరీ మొరాయిస్తే నట్ చేయించి ఇస్తారేమో అడగండి.

* ఒక్కో తీగ మీద అన్ని మెట్లూ వరసగా నొక్కి మీటండి. ఎక్కడైనా గరగరమంటే వదిలేయండి.

* పన్నెండో మెట్టు మీద వేలు నొక్కకుండా తాకించి మీటండి. తర్వాత నొక్కి మీటండి. రెండు స్వరాలూ ఒక్కటే కావాలి. ఫోన్‌లోని ట్యూనర్ చెబుతుంది.

* తల వైపు నుంచి ఓ కన్ను మూసి మెడ పొడవునా చూడండి. మెలి తిరిగి ఉండకూడదు.

* గుండ్రటి రంధ్రం అంచు చూడండి. చెక్క గీతలు పై నుంచి లోపలికి అలాగే దిగితే ఒకే పలక. మధ్యలో పొరలు కనిపిస్తే అతికించినది.

* బ్రిడ్జి అంచున కాగితం దూరుతోందేమో చూడండి. దూరితే జిగురు వదిలేస్తోందని అర్థం.

అమ్మానాన్నలకు ఓ మాట

పిల్లలు వాయించేటప్పుడు 'ఏదైనా పాట వాయించు' అని చుట్టాల ముందు నిలబెట్టొద్దు. ఫింగర్‌పికింగ్ మొదటి మూడు నెలలూ పాటలా వినపడదు, ఒకటే తక-ధి-మి. నేల దున్నే పనిలాంటిది అది. పంట తర్వాత వస్తుంది. కుడిచేతి గోళ్లు కొంచెం పెంచుకుంటామంటే తిట్టకండి. స్వరం స్పష్టంగా పలకడానికి చాలామంది అలాగే చేస్తారు. ఎడమచేతి గోళ్లు మాత్రం కత్తిరించాల్సిందే. వేళ్ల కొసలు రెండు మూడు వారాలు నొప్పెట్టడం మామూలే, ఆ తర్వాత చర్మం గట్టిపడుతుంది. మణికట్టు నొప్పెడితే మాత్రం మామూలు కాదు, ఆపేసి కూర్చునే తీరు సరిచూసుకోవాలి.

పరీక్షలంటే ఇష్టపడే పిల్లలకు లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడు పరీక్షలున్నాయి. ఇళయరాజా కూడా ఆ సంస్థ శాస్త్రీయ గిటారు పరీక్షలో బంగారు పతకం అందుకున్నవారే. అయితే పతకాలు రాకపోయినా నష్టం లేదు. కరెంటు పోయిన రాత్రి డాబా మీద కూర్చుని, మైకూ పాడేవాళ్లూ లేకుండా, పది వేళ్లతో ఇంటిల్లిపాదికీ ఓ పాట వినిపించగలిగితే... ఆ గిటారు ఖరీదు అక్కడికే చెల్లు!